ఇరుసు కందెన నుంచి యాక్సిల్ బూటు దాకా

ఈసారి పంట గురించి కాదు, కారు గురించి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే. తీరిక చేసుకుని చదవండి.

మన చుట్టుపక్కల చాలా ఊళ్లలో ఇప్పుడు పాత మారుతి 800లు కనపడుతున్నాయి. పట్నంలో ఉద్యోగస్తులు పదేళ్లు, పదిహేనేళ్లు వాడి అమ్మేసిన బండి మన దగ్గరికొస్తుంది. ఇక్కడ దానికి రెండో బతుకు మొదలవుతుంది. పొద్దున పాల క్యాన్లు, మధ్యాహ్నం యూరియా బస్తా, రాత్రి పూట ఎవరికైనా నొప్పులొస్తే ఆసుపత్రికి. ఆ బండి కొన్నవాడు ఎవడైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు మెకానిక్ షెడ్డులో ఈ మాట వింటాడు: "అన్నా, బూటు చినిగింది. గ్రీజంతా పోయింది. యాక్సిలే మార్చాలి."

మన తాతల ఎడ్లబండికి బూటు లేదు. అంబాసిడర్‌కి లేదు. మరి ఈ చిన్న కారుకి ఎందుకొచ్చింది? గుప్పెడు రబ్బరు చినిగితే ఇనుప యాక్సిల్ ఎందుకు పాడవుతుంది? మొత్తం మార్చడం తప్ప ఇంకో దారి లేదా? ఈ మూడింటికీ జవాబు ఒకే కథలో ఉంది. అది తెలిస్తే షెడ్డులో ఏం అడగాలో మనకి తెలుస్తుంది.

ముందు ఎడ్లబండి దగ్గర మొదలుపెడదాం. ఎడ్లబండిలో ఇరుసు తిరగదు, చక్రం ఇరుసు మీద తిరుగుతుంది. ఎద్దులు బండిని లాగుతాయి, చక్రం దానంతటది దొర్లుతుంది. కాబట్టి ఇరుసుకి మనం చేయాల్సిన సేవ ఒక్కటే, కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి నల్లగా చేసుకునేవాళ్లు. చీల తీసి, చక్రం కొంచెం బయటికి జరిపి, ఇరుసుకి పూసి మళ్లీ చీల కొట్టేవాళ్లు. పూయకపోతే బండే చెప్పేది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత ఊరికే రాలేదు. ఈ సామెత గుర్తుపెట్టుకోండి, కారు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇంజను వచ్చాక కథ మారింది. ఇప్పుడు బండిని లాగేవాళ్లు లేరు. ఇంజనే చక్రాన్ని తిప్పాలి. అక్కడ రెండు చిక్కులొచ్చాయి.

మొదటిది మలుపు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ. రెంటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. దీనికి 1827లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అనే ఆయన డిఫరెన్షియల్‌కి పేటెంటు తీసుకున్నాడు. మన ట్రాక్టర్ బురదలో దిగబడితే మడమతో తొక్కే పెడలు ఉంది గదా, అది ఈ డిఫరెన్షియల్‌నే కాసేపు కట్టేస్తుంది.

రెండో చిక్కు వంపు. ఇంజను బాడీకి బిగించి ఉంటుంది. చక్రమేమో గుంటల్లో పైకీ కిందికీ ఎగురుతుంది. మధ్యలో ఉన్న షాఫ్టు తిరుగుతూనే వంగాలి. వంగుతూనే తిరగాలి. ఇది చెప్పినంత తేలిక కాదు.

వంగి తిరిగే షాఫ్టు మనకి కొత్తేమీ కాదు. రోటవేటర్‌కి పెట్టే పీటీఓ షాఫ్టు చూడండి. రెండు చివర్లా కూడిక గుర్తులాంటి ముక్క ఉంటుంది. దాన్ని మనం క్రాసు అంటాం. ఈ క్రాసు జాయింటు చాలా పాతది. 16వ శతాబ్దంలో ఇటలీ దేశపు పండితుడు కార్డానో పేరుతో దీన్ని ఇప్పటికీ యూరప్‌లో కార్డాన్ షాఫ్టు అంటారు. 1670లలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త ఆకాశాన్ని చూసే పరికరాల కోసం దీన్ని వాడి, దాని నడక ఎలా ఉంటుందో వివరించాడు. అందుకే పుస్తకాల్లో దీన్ని హుక్ జాయింటు అంటారు. అంటే మన రోటవేటర్ వెనక 300 ఏళ్ల పైబడిన విద్య ఉంది.

అయితే ఈ క్రాసుకి ఒక దోషం ఉంది. షాఫ్టు తిన్నగా ఉన్నప్పుడు బాగానే తిరుగుతుంది. వంగితే మాత్రం అవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు ముందుకి దూకుతుంది, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. లెక్క చెప్తా. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతోందనుకోండి. క్రాసు 10 డిగ్రీలు వంగితే అవతలి వైపు 532కీ 548కీ మధ్య ఊగుతుంది. అది పెద్ద తేడా కాదు. అదే 30 డిగ్రీలు వంగితే 468కీ 624కీ మధ్య ఊగుతుంది. ప్రతి చుట్టులోనూ రెండుసార్లు! అది షాఫ్టుకి దెబ్బ, గేరు పళ్లకి దెబ్బ, బేరింగుకి దెబ్బ.

దీనికి మందు కూడా ఉంది. రెండు చివర్లా రెండు క్రాసులు పెట్టి, రెండు వంపులూ సమానంగా ఉంచి, మధ్య షాఫ్టుకి రెండు కొసలా ఉండే యోకులు ఒకే వరసలో పెడితే, మొదటి క్రాసు చేసిన తప్పు రెండోది సరిచేస్తుంది. రోటవేటర్‌ని పూర్తిగా పైకెత్తి పీటీఓ ఆపకుండా గట్టు దాటిస్తే గడగడ మోత ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమైందా? ఎత్తినప్పుడు వంపు పెరుగుతుంది. పైగా రోటవేటర్ వాలితే రెండు వంపులూ సమానంగా ఉండవు. షాఫ్టు ఊడదీసి మళ్లీ తొడిగేటప్పుడు యోకుల వరస తప్పినా అదే మోత.

అంబాసిడర్ కారు ఈ రెండు క్రాసుల పద్ధతి మీదే బతికింది. ఇంజను ముందు, తిరిగే చక్రాలు వెనక, మధ్యలో పొడుగాటి షాఫ్టు. వెనక చక్రాలు పక్కకి తిరగవు కాబట్టి వంపు చాలా కొద్ది. చక్రాల దాకా పోయే కడ్డీలు ఉక్కు గొట్టం లోపల భద్రంగా ఉంటాయి. 1950ల చివరి నుంచి 2014లో ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో ఆగిపోయేదాకా ఆ కారు ఇదే పద్ధతి. జీపు వెనక యాక్సిల్ అదే, లారీ అదే, మన ట్రాలీ ఆటోలు చాలావాటికీ అదే వరస.

మరి ఇంజనుతో ముందు చక్రాలనే తిప్పితే? లాభాలు బోలెడు. పొడుగు షాఫ్టు అక్కర్లేదు, కారు మధ్యలో ఆ షాఫ్టు కోసం ఎత్తు అక్కర్లేదు, బరువు తగ్గుతుంది, లోపల చోటు పెరుగుతుంది. ఇంజను బరువు లాగే చక్రాల మీదే పడుతుంది కాబట్టి బురదలో పట్టు బాగుంటుంది. చిక్కల్లా ఒక్కటే. ముందు చక్రం లాగడమే కాదు, తిరగాలి కూడా. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే చక్రం 30 డిగ్రీలు, ఇంకా ఎక్కువే వంగుతుంది. ఆ వంపంతా చక్రం పక్కనున్న ఒక్క జాయింటే మోయాలి. దాని తప్పు సరిదిద్దే జోడు ఉండదు. మామూలు క్రాసు పెడితే మలుపులో ప్రతి చుట్టుకీ రెండుసార్లు స్టీరింగ్ చేతిని గుంజుతుంది.

దీని మీద 1920లలో చాలామంది బుర్రలు పెట్టారు. ఫ్రాన్సులో జాన్ ఆల్బేర్ గ్రెగ్వార్, పియేర్ ఫనాయ్ అనే ఇద్దరు స్నేహితులు ట్రాక్టా అనే జాయింటు తయారుచేసి, దాంతో ముందు చక్రాల కారు కట్టి 1927లో లె మాన్ పందెంలో నడిపారు. 1934లో సిట్రోయెన్ కంపెనీ ముందు చక్రాలు లాగే కారుని పెద్ద ఎత్తున అమ్మకానికి పెట్టింది.

అదే సిట్రోయెన్ వాళ్లది ఇంకో కారు ఉంది. రైతులుగా మనం తప్పక తెలుసుకోవాల్సింది. 1930లలో ఆ కంపెనీ పెద్ద పియేర్ బూలాంజే తన ఇంజనీర్లకి ఒక పని చెప్పాడు. పల్లెల్లో రైతులు ఇంకా గుర్రపు బండ్ల మీదే తిరుగుతున్నారు, వాళ్ల కోసం కారు కావాలి. ఇద్దరు రైతులూ 50 కిలోల ఆలుగడ్డలూ పట్టాలి, గంటకి 60 కిలోమీటర్లు పోవాలి, 100 కిలోమీటర్లకి 3 లీటర్లకి మించి తాగకూడదు. దున్నిన చేలో నడిపినా బుట్టలో గుడ్లు పగలకూడదు! మధ్యలో యుద్ధమొచ్చి ఆగింది. 1948లో పారిస్ ప్రదర్శనలో బయటపెట్టారు. దాని పేరు 2సీవీ. 1990 దాకా తయారుచేశారంటే ఎంత నచ్చిందో చూడండి. అది కూడా ముందు చక్రాల బండే. అయితే మొదట్లో దానికి చక్రాల దగ్గర మామూలు క్రాసు జాయింట్లే. మలుపులో స్టీరింగ్ గుంజేది. చిన్న ఇంజను, తక్కువ వేగం కాబట్టి సర్దుకుపోయారు.

అసలైన మందు అమెరికాలో పుట్టింది. ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు 1926లో ఒక కొత్త జాయింటు కనిపెట్టాడు. 1936లో దాన్ని ఇంకా బాగుచేశాడు. ఈ రోజు మన మారుతి చక్రం పక్కన ఉన్నది ఆ వంశమే.

దాని లోపల ఏముంటుందో చెప్తా. బయట ఒక ఉక్కు గిన్నె, దాని లోపలి గోడకి ఆరు గాళ్లు. మధ్యలో ఒక ఉక్కు గుండు, దానికీ ఆరు గాళ్లు. రెంటి మధ్యా ఆరు ఉక్కు బంతులు. బంతులు చెదిరిపోకుండా కిటికీలున్న ఒక పంజరం. షాఫ్టు లోపలి గుండుని తిప్పుతుంది, గుండు బంతుల్ని తోస్తుంది, బంతులు గిన్నెని తిప్పుతాయి, గిన్నె చక్రాన్ని తిప్పుతుంది.

కీలకం ఎక్కడుందంటే, ఈ బంతులు ఎప్పుడూ రెండు షాఫ్టుల వంపుకి సరిగ్గా నడిమధ్యన నిలబడతాయి. అన్నదమ్ముల చేల మధ్య గట్టులాగ. ఎవరి వైపూ ఒక్క అంగుళం జరగదు. షాఫ్టు 10 డిగ్రీలు వంగితే బంతులు 5 దగ్గర, 40 వంగితే 20 దగ్గర. గాళ్లు తొలిచిన తీరే వాటిని అక్కడికి తోస్తుంది. నడిమధ్యన ఉంటాయి కాబట్టి ఇవతలి వైపు ఎంత వేగమో అవతలి వైపూ అంతే వేగం. ఊగిసలాట లేదు. ఇంగ్లీషులో కాన్‌స్టంట్ వెలాసిటీ అంటారు, అంటే మారని వేగం. సీవీ జాయింటులో సీవీ అంటే అదే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ జాయింట్లకి గిరాకీ వచ్చింది. నాలుగు చక్రాలతో లాగే జీపులకి ముందు చక్రాలు తిప్పడానికి జెప్పా రకం, ట్రాక్టా రకం, ఇంకా రెండు మూడు రకాలు వాడారు. అయితే జీపుల్లో ఈ జాయింటు బయటికి కనపడదు. గుండ్రటి ఉక్కు డొక్క లోపల గ్రీజులో మునిగి ఉంటుంది. భద్రమే గాని బరువు, ఖర్చు.

చిన్న కారుకి ఈ జాయింటు ఎక్కింది పెట్రోలు కరువు పుణ్యమా అని. 1956లో ఈజిప్టు సూయెజ్ కాలువని జాతీయం చేసింది, గొడవ యుద్ధం దాకా పోయింది, ఇంగ్లండులో పెట్రోలుకి రేషన్ పెట్టారు. తక్కువ తాగే చిన్న కారు కావాలని అక్కడి బీఎంసీ కంపెనీ అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరుకి పని అప్పజెప్పింది. ఆయన ఇంజనుని అడ్డంగా తిప్పి పెట్టాడు, గేర్‌బాక్సుని దాని కిందే సర్దాడు, ముందు చక్రాల్ని తిప్పాడు. మొత్తం కారు పొడవు 10 అడుగులే, కూర్చునేది నలుగురు. అదే మినీ. 1959 ఆగస్టు 26న విడుదలైంది. దాని చక్రాల దగ్గర పెట్టింది జెప్పా పద్ధతి నుంచి ఇంగ్లండులో హార్డీ స్పైసర్ వాళ్లు తయారుచేసిన బర్‌ఫీల్డ్ జాయింటు. ఇంజను అడ్డంగా, ముందు చక్రాల లాగుడు. ఆ తర్వాత ప్రపంచంలో వచ్చిన చిన్న కార్లలో ఎక్కువ భాగం ఆ దారే పట్టాయి.

ఇంకో చిన్న పని మిగిలింది. చక్రం పైకీ కిందికీ ఎగిరితే గేర్‌బాక్సుకీ చక్రానికీ మధ్య దూరం కొద్దిగా మారుతుంది. అందుకని గేర్‌బాక్సు వైపు జాయింటు వంగడమే కాదు, లోపలికీ బయటికీ జారాలి. దీనికోసం 1960లలో ఫ్రాన్సులో మూడు రోలర్ల జాయింటు తయారైంది, ట్రైపాడ్ అంటారు. కొన్ని కార్లలో ఇదుంటుంది, కొన్నిట్లో అక్కడ కూడా జారే బంతుల జాయింటే. చక్రం వైపు ఒకటి, గేర్‌బాక్సు వైపు ఒకటి. రెండు పక్కలా కలిపి నాలుగు జాయింట్లు, నాలుగు బూట్లు.

ఇక జపాన్ సంగతి. సుజుకి కంపెనీ మొదలైంది కార్లతో కాదు, మగ్గాలతో. 1909లో హమమత్సు ఊళ్లో మిచియో సుజుకి గుడ్డ నేసే మగ్గాల ఫ్యాక్టరీ పెట్టాడు. పత్తి పండించే మనకి ఆ చుట్టరికం ఉందన్నమాట. వాళ్లు 1955లో తెచ్చిన మొట్టమొదటి కారు సుజులైట్ కూడా ముందు చక్రాల బండే. మన ప్రభుత్వం 1981లో మారుతి ఉద్యోగ్ పెట్టి, 1982లో సుజుకితో ఒప్పందం చేసుకుంది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు చక్రాల లాగుడు. 1986లో కొత్త బాడీ వచ్చింది, మనకి ఊళ్లలో కనపడేవి ఆ బాడీవే. 2014 జనవరి 18న ఉత్పత్తి ఆపేదాకా 25 లక్షలకి పైగా తయారయ్యాయి. తమాషా ఏంటంటే, అదే కంపెనీ ఓమ్ని వ్యాను దాదాపు అదే ఇంజనుతో వెనక చక్రాల్ని తిప్పుతుంది. అందుకే ఓమ్నికి బయటి బూట్ల బాధ లేదు, మధ్య షాఫ్టు క్రాసుల బాధే.

అంబాసిడర్, ఫియట్ మీద చెయ్యి తిరిగిన మన మెకానిక్‌లకి మారుతి కొత్త విద్య. క్రాసు ఊడగొట్టి కొత్తది దిగ్గొట్టడం వాళ్లకి వచ్చు. ఆరు బంతుల పంజరం విప్పి మళ్లీ అదే వరసలో కూర్చోబెట్టడం వేరు. నేర్చుకున్నవాళ్లు నేర్చుకున్నారు.

ఇప్పుడు బూటు దగ్గరికొద్దాం. జీపులో లాగ ఉక్కు డొక్క పెడితే చిన్న కారు బరువెక్కుతుంది. అందుకని జాయింటుని బయటికే వదిలేసి, దాని మీద వంగే తొడుగు ఒకటి కట్టారు. కమ్మరి కొలిమి తిత్తిలాగ ముడతలు ముడతలుగా ఉంటుంది. మామూలు రబ్బరు నూనె తగిలితే ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది. 1930లలో అమెరికా డుపాంట్ కంపెనీ తెచ్చిన నియోప్రీన్ అనే రసాయన రబ్బరు నూనెకీ ఎండకీ బాగా తట్టుకుంది. బూట్లు ఎక్కువగా దాంతోనే చేశారు. తర్వాత గట్టి ప్లాస్టిక్ రకం బూట్లు కూడా వచ్చాయి. లోపల గ్రీజు కూడా మామూలుది కాదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన నల్ల గ్రీజు. బంతికీ గాళ్లకీ మధ్య బరువు పడ్డప్పుడు ఆ నల్లపొడే పొరలాగ అడ్డం నిలుస్తుంది.

ఈ గ్రీజు ఒకసారి నింపి మూసేస్తే మళ్లీ వేయక్కర్లేదు. నిపుల్ ఉండదు, గన్నుతో కొట్టే పని లేదు. కంపెనీ దృష్టిలో అది సౌకర్యం. నా దృష్టిలో అక్కడే మనకి ఎసరొచ్చింది. ఎడ్లబండికి కందెన వేసేవాడు వేసినప్పుడల్లా ఇరుసు చూసేవాడు. అంబాసిడర్‌కి గ్రీజు కొట్టేవాడు కొట్టినప్పుడల్లా క్రాసు ఊపి చూసేవాడు. మారుతికి కందెన వేసే పని పోయింది, దాంతోపాటు చూసే అలవాటూ పోయింది. జీవితాంతం పనిచేసే గ్రీజు అంటారు. ఎవరి జీవితం? బూటు జీవితం. బూటు పోయిన రోజే గ్రీజూ పోతుంది.

పట్నం తారు రోడ్డు మీద బూటు చాలా ఏళ్లు వస్తుంది. మన దగ్గర రాదు. వరి కొయ్యకాలు, పత్తి మోళ్లు, తుమ్మకంప కింద తగులుతాయి. రోడ్డు మీద కళ్లం పోసిన చోట మినప కట్టె, కంది కట్టె యాక్సిల్‌కి చుట్టుకుంటాయి. బస్తాలు కుట్టే ప్లాస్టిక్ పురికొస చుట్టుకుందంటే కత్తే. ఏళ్లు నిండిన రబ్బరు ముడతల దగ్గర ముందే పగులుబారి ఉంటుంది, చిన్న రాపిడి చాలు.

చినిగాక ఏమవుతుందంటే, తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది. చక్రం లోపలి వైపు, బ్రేకు పక్కన నల్లటి చారలు కనపడితే అదే. గ్రీజు పోయిన దారిలోనే దుమ్ము, ఇసక, నల్లరేగడి బురద లోపలికొస్తాయి. మిగిలిన గ్రీజులో ఇసక కలిసిందంటే అది కందెన కాదు, సానరాయి. గాళ్లు గుంటలు పడతాయి. కొన్నాళ్లకి స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే టక్ టక్ టక్ అని శబ్దం. అదిగో, కందెన లేని బండి సంగీతం. ఆ శబ్దం చక్రం వైపు జాయింటుది. తిన్నగా పోతూ ఎక్సలేటర్ తొక్కినప్పుడు బండి వణికితే గేర్‌బాక్సు వైపు జాయింటుని అనుమానించాలి.

శబ్దమే గదా అని నడిపితే ఒకరోజు జాయింటు విడిపోతుంది. అప్పుడు ఒక చక్రం పోయినా ఇంకో చక్రం లాగుతుందనుకోకండి. డిఫరెన్షియల్ గుణం ఏంటంటే, అడ్డులేని వైపే తిరుగుతుంది. బలమంతా విరిగిన వైపు వృథాగా తిరుగుతుంది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. అర్ధరాత్రి ఆసుపత్రికి పోయే దారిలో అది జరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మా ఊళ్లో ఒక రైతుకి మిరప కోతల టైములో బూటు చినిగింది. శబ్దం ఏమీ లేదు. పట్నంలో ఒక షెడ్డులో రెండు వైపులా యాక్సిళ్లు మార్చాలన్నారు. ఆయన ఒప్పుకోక ఇంకో పాత మెకానిక్ దగ్గరికి పోయాడు. ఆయన విప్పి, కడిగి, బంతులు చూపించాడు. అద్దంలా ఉన్నాయి. ఒక బూటు, గ్రీజు, రెండు క్లిప్పులతో పని అయిపోయింది. బూటు ధర వందల్లో, యాక్సిల్ ధర వేలల్లో. ఆ తేడా ఆ రైతుకి కూలీల డబ్బు.

మొదటి షెడ్డువాళ్లు మోసం చేశారని నేననను. విప్పి కడిగి చూడటానికి పూట పడుతుంది. యాక్సిల్ మొత్తం మారిస్తే తొందరగా అయిపోతుంది, మళ్లీ మాట రాదు. చవక యాక్సిళ్లు బజారులో దొరికాక విప్పి చూసే విద్య తగ్గిపోయింది. ఒకప్పుడు అరుగుదల కొద్దిగా ఉంటే పాత మెకానిక్‌లు, వీలున్న కార్లలో, ఎడమ జాయింటు కుడికి, కుడిది ఎడమకి మార్చేవాళ్లు. ముందుకి లాగేటప్పుడు గాళ్లకి ఒక గోడే అరుగుతుంది. పక్క మారిస్తే అరగని గోడ మీద బరువు పడుతుంది. విదేశాల్లో పాత యాక్సిళ్లు సేకరించి, గాళ్లు మళ్లీ సానబట్టి, కొంచెం పెద్ద బంతులు వేసి అమ్మే ఫ్యాక్టరీలే ఉన్నాయి. ఇవన్నీ చెత్త కాదు, మళ్లీ పనికొచ్చే ఉక్కు.

ఇక మనం గుర్తుపెట్టుకోవాల్సిన పని పద్ధతి చెప్తా. మనమే చేయకపోయినా దగ్గరుండి చూసుకోవచ్చు.

1. బూటు చినిగింది, శబ్దం లేదు, ఈ మధ్యే చినిగింది అంటే బూటు, గ్రీజు, క్లిప్పులు చాలు. శబ్దం వచ్చేసిందంటే కొత్త గ్రీజు కుక్కినా లాభం లేదు. జాయింటు గానీ యాక్సిల్ గానీ మార్చాల్సిందే.

2. చక్రం మధ్యలో పెద్ద నట్టు బండి నేల మీద ఉన్నప్పుడే వదులు చేయాలి, చివరి బిగింపూ నేల మీదే. జాకీ మీద ఉన్న బండిని ఆ నట్టు కోసం ఊపితే ప్రమాదం. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు పెట్టించండి.

3. యాక్సిల్ గేర్‌బాక్సు నుంచి లాగితే గేరాయిల్ కారుతుంది. ముందే దించి, పని అయ్యాక కొలత ప్రకారం పోయించండి. ఇది మరిచిపోతే యాక్సిల్ బాగై గేర్‌బాక్సు పోతుంది.

4. చాలా చిన్న కార్లలో చక్రం వైపు బూటుని కూడా గేర్‌బాక్సు వైపు నుంచే ఎక్కిస్తారు. లోపలి జాయింటు విప్పాలి. విప్పేముందు ఏ ముక్క ఏ వరసలో ఉందో పెయింటు చుక్క పెట్టుకోవాలి. అరిగిన జంటలు విడగొట్టకూడదు.

5. పాత గ్రీజు పూర్తిగా కడిగి, ఆరనిచ్చి, గోరుతో గాడి వెంట గీసి చూడండి. గోరు తగిలి ఆగితే గుంట పడ్డట్టే. ఆ జాయింటు పనికిరాదు.

6. బూటు ప్యాకెట్‌తో వచ్చిన గ్రీజే వాడాలి, మొత్తం వాడాలి. బేరింగు గ్రీజు, ట్రాక్టర్ గ్రీజు వద్దు. క్లిప్పు బిగించేముందు సన్న స్క్రూడ్రైవరుతో అంచు కొద్దిగా లేపి గాలి వదలాలి. లేకపోతే బూటు ఉబ్బిగానీ పీక్కుపోయిగానీ ఉంటుంది. బైండింగ్ వైరు చుట్టనివ్వొద్దు, అదే బూటుని కోస్తుంది.

7. విరిగిన యాక్సిల్‌కి వెల్డింగ్ చేయిస్తామంటే ఒప్పుకోకండి. ఆ ఉక్కుకి బలం వేడి చేసి చల్లార్చిన పదునులో ఉంది. వెల్డింగ్ వేడికి ఆ పదును పోతుంది.

పాత కార్ల కాలం అయిపోతోంది, ఇక ఈ విద్య దేనికి అనేవాళ్లుంటారు. కరెంటు కార్లు వస్తున్నాయి. వాటిలో ఇంజను లేదు, క్లచ్ లేదు, ఇంజనాయిల్ లేదు. కానీ మోటారు నుంచి చక్రానికి పోయే షాఫ్టు ఉంది. దాని రెండు చివర్లా ఇవే జాయింట్లు, వాటి మీద ఇవే బూట్లు. జెప్పా 100 ఏళ్ల క్రితం పేర్చిన బంతులు పెట్రోలు పోయినా పోవు. మన పిల్లలు కొనే కారుకి కూడా బూటు చూడటం తప్పదు.

కాబట్టి అన్నలారా, ఈ వారం కారు కడిగేటప్పుడు ఒక పని చేయండి. ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు వేసి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పండి. చక్రం వెనక చెయ్యి పెట్టి బూటు ముడతలు విప్పి చూడండి. తర్వాత రెండో పక్క. లోపలి బూట్లు టార్చిలైటుతో కింద నుంచి. పగులు కనపడితే చినిగేదాకా ఆగకండి. ఏడాదికి రెండుసార్లు, దుక్కులప్పుడు ఒకసారి, కోతలయ్యాక ఒకసారి చూస్తే చాలు. ఐదు నిమిషాల పని.